డబ్బు దగ్గరే అడ్డం నిలబడాలి



అమెరికాలో వలసొచ్చిన వాళ్ళను పట్టుకుని పంపించేస్తున్నారు, దాని గురించి మన పేజీలో ఎందుకు అంటారా? న్యాయమైన ప్రశ్నే. మన పోడు గొడవలే మనకు తెగట్లేదు. అయినా ఈ సంగతి చదవండి. ఒక ప్రభుత్వం ఎవరినైనా వెళ్ళగొట్టాలనుకుంటే మొదట ఏం సమకూర్చుకుంటుందో ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. సమకూర్చుకునేది చట్టం ఒక్కటే కాదు, డబ్బు.

2025 జులై 4న ట్రంప్ ఒక పెద్ద బడ్జెట్ చట్టం మీద సంతకం పెట్టాడు. అందులో వలసల అదుపుకీ సరిహద్దుకీ కలిపి సుమారు 17,000 కోట్ల డాలర్లు ఉన్నాయి. సరిహద్దు గోడకి 4,650 కోట్లు. పట్టుకున్నవాళ్ళను ఉంచే నిర్బంధ కేంద్రాలకి 4,500 కోట్లు. మనుషుల్ని పట్టుకుని పంపించే 'ఐస్' అనే సంస్థకి దాదాపు 3,000 కోట్లు. అప్పటిదాకా ఆ సంస్థ ఏడాది ఖర్చు మొత్తం సుమారు 1,000 కోట్ల డాలర్లే. అంటే ఎంత పెంచారో మీరే లెక్కేసుకోండి. అదే చట్టంలో పేదల వైద్యానికిచ్చే మెడికెయిడ్ నిధులకు కోత పెట్టారు. ఈ చట్టం వల్ల 2034 నాటికి మరో కోటి మంది దాకా ఆరోగ్య బీమా లేకుండా పోతారని వాళ్ళ పార్లమెంటు బడ్జెట్ కార్యాలయమే అంచనా వేసింది. ఒక చేత్తో ఆస్పత్రి డబ్బు తీసి, ఇంకో చేత్తో జైలుకిచ్చారన్నమాట.

దీన్ని అడ్డుకోవాలని చూసినవాళ్ళు లేకపోలేదు. మే 22న ప్రతినిధుల సభలో బిల్లు గట్టెక్కింది ఒకే ఒక్క ఓటు తేడాతో, 215కి 214. సెనేట్‌లో జులై 1న 50–50 అయితే ఉపాధ్యక్షుడు వాన్స్ వచ్చి ఓటేస్తే నెగ్గింది. జులై 3న చివరి ఓటింగ్‌కి ముందు డెమొక్రాట్ల నాయకుడు హకీం జెఫ్రీస్ ఎనిమిదిన్నర గంటలకు పైగా నిలబడి మాట్లాడాడు. చివరికి 218కి 214తో బిల్లు పాసైంది. సొంత పార్టీని కాదని సెనేట్‌లో ముగ్గురు, సభలో ఇద్దరు రిపబ్లికన్లు కూడా వ్యతిరేకించారు.

వ్యతిరేకించిన వాళ్ళందరికీ వలస కూలీల మీద ప్రేమ ఉందని అనుకోకండి. కొందరి బాధ అప్పు గురించి, కొందరిది మెడికెయిడ్ గురించి. సెనేటర్ రాండ్ పాల్ అయితే గోడ వద్దనలేదు, గోడకి అంత డబ్బెందుకన్నాడు. డెమొక్రాట్ల సంగతీ చెప్పుకోవాలి. అదే ఏడాది జనవరిలో లేకన్ రైలీ చట్టం వచ్చింది. పత్రాలు లేని మనిషి మీద దొంగతనం కేసు పడితే చాలు, నేరం రుజువు కాకముందే నిర్బంధించాలంటుంది అది. దానికి సభలో 46 మంది, సెనేట్‌లో 12 మంది డెమొక్రాట్లు చెయ్యెత్తారు. జనవరిలో బోను తలుపు తెరిచిపెట్టి, జులైలో బోనుకి డబ్బులెందుకని అడిగితే జనం ఎట్లా నమ్ముతారు?

ఇంకో కిటుకు చూడండి. మామూలుగా అయితే సెనేట్‌లో ఇలాంటి బిల్లుని ముందుకు కదిలించడానికి 60 ఓట్లు కావాలి. బడ్జెట్ దారిలో తెస్తే మామూలు మెజారిటీ సరిపోతుంది. ఆ దారినే తెచ్చారు. పైగా ఈ డబ్బు చాలావరకు 2029 సెప్టెంబర్ దాకా వాడుకోవచ్చు. ఏటేటా సభ ముందుకొచ్చి చెయ్యి చాపాల్సిన పని లేదు. ఏటా అడగాల్సి వస్తే ఏటా జవాబు చెప్పాలి. ఆ జవాబుదారీతనాన్నే ముందుగా తీసి పక్కన పెట్టారు. అందుకే డబ్బు దగ్గర పడ్డ ఆ 214 ఓట్లు ఓడినా చిన్నవి కావు.

ఇక ఈ డబ్బు ఎవరి మీద పడుతుంది? ముందుగా ఆ నేల సొంత బిడ్డల సంగతి చూద్దాం. అరిజోనాలో తొహోనో ఓధమ్ అనే ఆదివాసీ జాతి ఉంది. 1850లలో అమెరికా, మెక్సికో కలిసి గీసుకున్న గీత వాళ్ళ నేలని రెండు ముక్కలు చేసింది. వాళ్ళు ఎక్కడికీ పోలేదు, గీతే వాళ్ళ ఊళ్ళ మధ్యకొచ్చింది. ఆంధ్ర, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, ఒడిశా అంటూ నాలుగు రాష్ట్రాల్లో చీలిపోయిన మన కోయలకు ఇది విడమరిచి చెప్పాలా? గోడ కోసం 2020లో ఓధమ్‌లు పవిత్రంగా చూసుకునే గుట్టనే పేల్చారు. 2025 జనవరిలో నవాహో నేషన్ ప్రభుత్వం, మా ప్రజల్ని ఆపి పత్రాలు అడుగుతున్నట్టు మాకు చెబుతున్నారని ప్రకటించింది. 1924 నుంచి చట్టప్రకారం పౌరులైన మూలవాసులు సొంత నేల మీద గుర్తింపు కార్డు జేబులో పెట్టుకు తిరగాల్సిన పరిస్థితి. 'విదేశీయుడు' కోసం వేసిన వల మొదటి ఆదివాసీకే చుట్టుకుంది.

మన తెలుగు పిల్లలకీ ఈ సంస్థ కొత్త కాదు. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒక ఉత్తుత్తి కాలేజీని ఐస్ అధికారులే నడిపారు. 2019లో అందులో పేరు రాయించుకున్న 130 మందిని పట్టుకుంటే 129 మంది భారతీయులు, వాళ్ళలో చాలామంది తెలుగువాళ్ళు. 2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయుల్ని సంకెళ్ళు వేసి సైనిక విమానంలో అమృత్‌సర్‌లో దింపారు.

ఇక్కడ మీలో ఎవరైనా నిలదీయొచ్చు. "అన్నా, ఏజెన్సీలోకి వచ్చిన గిరిజనేతరుల మీద మనం కొట్లాడట్లేదా? మరి మనకీ ట్రంప్‌కీ తేడా ఏంటి?" అడగాల్సిన ప్రశ్నే ఇది, తప్పించుకోకూడదు. తేడా ఉంది. మన 1/70 భూమి గురించి మాట్లాడుతుంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి చేతికి మారకూడదంటుంది, మారితే వెనక్కి ఇప్పించమంటుంది. బలమున్నవాడు బలం లేనివాడి దగ్గర లాక్కోకుండా కాపాడే చట్టమది. మనిషిని సంకెళ్ళేసి బోనులో పెట్టమనదు, కూలికొచ్చినవాణ్ణి తరమమనదు. భూమి కాజేసిన షావుకారూ, పొట్ట చేతపట్టుకొచ్చిన కూలీ ఒకటి కాదు. ఈ తేడా మరిచిన రోజు మన పోరాటం వాళ్ళ భాషే మాట్లాడుతుంది.

ఆ పరీక్ష మన గడప ముందే ఉంది. సల్వాజుడుం రోజుల్లో, తుపాకుల మధ్య నలిగిపోయి ఛత్తీస్‌గఢ్ నుంచి గోదావరి ఇవతలికి వచ్చిన గుత్తికోయలు ఉన్నారు. అక్కడ ఎస్టీలు, ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ దొరకడమే గగనం. 2005 డిసెంబర్ 13 తర్వాత కొట్టుకున్న పోడుకి అటవీ హక్కుల చట్టం వర్తించదు. మనోళ్ళలోనే కొందరు "వాళ్ళు బయటోళ్ళు" అంటున్నారు. అమెరికా వార్త చూసి బాధపడి, గుత్తికోయ గూడెం మీదికి జేసీబీ వస్తే నోరు మూసుకుంటే, ఆ బాధకి అర్థం లేదు.

డబ్బు సంగతీ మనకు తెలుసు. 2019లో కేంద్రం 47,000 కోట్ల రూపాయలకు పైగా కంపా నిధుల్ని రాష్ట్రాలకిచ్చింది. ఆ డబ్బుతో మొక్కలు నాటేది అటవీ శాఖ. పోడు భూముల్లో ట్రెంచీలు తవ్వి మొక్కలు పాతితే పంట పోయేది మనది. జీవో మీద మనం ధర్నా చేస్తాం, మంచిదే. కానీ ఆ జీవో వెనక నిధులు ఎప్పుడు మంజూరయ్యాయో, మన ఎమ్మెల్యే, ఎంపీ ఆ రోజు నోరు తెరిచారో లేదో మనలో ఎంతమందిమి చూశాం?

కాబట్టి చదువుకున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకొక పని. మీ ఐటీడీఏకి ఈ ఏడాది ఎంతొచ్చింది, అటవీ శాఖకి ఎంతొచ్చింది, మీ మండలంలో కంపా పనులు ఎక్కడ పెట్టారు, ఏ గ్రామసభను అడిగి పెట్టారు, సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి తెలుసుకోండి. వచ్చిన జవాబుని గ్రామసభలో గట్టిగా చదవండి. మనం ఓటేసి పంపినవాళ్ళని బడ్జెట్ సమావేశాలకు ముందే పిలిచి అడగండి. బుల్డోజర్ ఊళ్ళోకొచ్చాక దాని ముందు పడుకోవడం మనకు తెలుసు. దానికి డీజిల్ డబ్బులు రాసే రోజునే అడ్డుపడటం నేర్చుకోవాలి.

జై ఆదివాసీ.