ఎవరిచేత?

బడులు తెరచిన మొదటి వారంలో పదవ తరగతి పిల్లలకు కర్తరి, కర్మణి ప్రయోగాలు చెప్పవలసివచ్చినది. వాల్మీకి రామాయణాన్ని రచించినాడనీ, వాల్మీకిచేత రామాయణం రచింపబడినదనీ చెప్పే పాత ఉదాహరణను పిల్లలు మనం నోరు విప్పకముందే అప్పజెప్పగలరు. అందుచేత ఆనాడు నల్లబల్లమీద వేరొక వాక్యం వ్రాసినాను: "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది." దీనిని కర్తరిలోనికి మార్చండి అన్నాను. కలాలు కదలలేదు. కొంతసేపటికి వెనుక బల్లనుంచి ఒక బాలిక లేచి, "ఎవరిచేత, మాష్టారూ?" అని అడిగినది.

అదే ప్రశ్నను మే నెలలో నేను పందొమ్మిది దినాలు అడిగినాను.

మాది పలనాడు. రెంటచింతల ఎండల సంగతి పత్రికలు చదివేవారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు. మా అమ్మకు ఎనభైయొకటవ యేడు. ఉదయం, సాయంత్రం ఇన్సులిన్ సూదిమందు లేనిదే ఆమెకు గడవదు. మూత తీయని బుడ్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లదనంలో ఉండాలి. సరిగ్గా వైశాఖంలో మా పాత ఫ్రిజ్ ప్రాణం విడిచినది. ఊళ్ళోని దుకాణంలోకంటె రెండువేల రూపాయలు తక్కువకు వస్తున్నదని ఇంటర్నెట్ అంగడిలో క్రొత్తది కొన్నాను. నా పిసినారితనాన్ని దాచుకొని ఇతరులను నిందించడం న్యాయం కాదు గనుక ముందే ఒప్పుకొంటున్నాను.

నాలుగవనాడు మిట్టమధ్యాహ్నం పెట్టె వచ్చినది. తెచ్చిన కుర్రవాడు చెమటతో తడిసి ముద్దయి ఉన్నాడు. "ముందు ఓటీపీ చెప్పండి సార్" అన్నాడు. పెట్టె విప్పి చూచి చెబుతానన్నాను. "విప్పడానికి వేరే మనిషి వస్తాడండీ. నేనింకా పద్నాలుగు ఇళ్ళకు పోవాలి." అతని ముఖం చూచి అంకెలు చెప్పినాను. ఆ నాలుగంకెలతో సరుకు సవ్యంగా ముట్టినదని నేను ఒప్పుకొన్నట్లయినది. చూడకముందే సంతకం చేయించుకొనే ఈ పద్ధతిని పెట్టినవాడు ఆ కుర్రవాడు కాడు. విప్పే మనిషి మూడవనాటికి వచ్చినాడు. విప్పి చూస్తే ఫ్రిజ్ వెనుకభాగం సొట్టపోయి ఉన్నది. మీట నొక్కితే లోపల దీపం వెలిగినది, చల్లదనం మాత్రం లేదు.

ఇక ఫోన్లు. తెలుగు కావాలంటే ఫలానా అంకె నొక్కమంటుంది ఒక యంత్రం. నొక్కితే సంగీతం. సంగీతం ముగిసిన పిదప ఎవరో ఒక అమ్మాయి, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్" అంటుంది. ప్రతిసారీ క్రొత్త గొంతు, ప్రతిసారీ కథ మొదటినుంచి. ఆ అమ్మాయిలమీద నాకు కోపం లేదు. వారి ఎదుట తెరమీద ఏ మాటలుంటే ఆ మాటలే వారు పలకాలి. ఎవరిని అడగాలో వారికీ తెలియదు. తరువాత చరవాణిలో వర్తమానాలు వచ్చినవి. "మీ ఫిర్యాదు స్వీకరించబడినది." "పరిశీలించబడుచున్నది." నాలుగవనాడు, గడపలో ఎవరూ అడుగుపెట్టకుండానే, "పరిష్కరించబడినది." మా అమ్మాయి దానిని పైకి చదివితే, మంచంమీదనుంచి మా అమ్మ, "ఎవరే బాగుచేసిందీ? నేను కునుకు తీసినప్పుడుగాని వచ్చిపోయారా?" అన్నది.

ఆ దినాలలో మందుబుడ్లు పక్కింటివారి ఫ్రిజ్‌లో, వారి పెరుగుగిన్నె ప్రక్కన కాలక్షేపం చేసినవి. వారు మంచివారు, ఒక్కనాడు విసుగుకొనలేదు. కాని పూటపూటా మరొకరి తలుపు తట్టడమెంత బరువో తట్టినవారికే తెలుస్తుంది. ఒకనాడు వారు పెండ్లికి పోవలసివచ్చి బుడ్లు మాకిచ్చి తాళం వేసుకొన్నారు. బుడ్లను నీరు చొరని సంచిలో చుట్టి, మట్టికుండలో పెట్టి, కుండకు తడిగుడ్డ కట్టినాను. రాత్రి రెండుసార్లు లేచి గుడ్డ తడిపినాను. రెండుసార్లూ అమ్మ మేలుకొనే ఉన్నది. ఇద్దరమూ మాటలాడుకొనలేదు.

తెలుగు నుడికారంలో కర్మణి ప్రయోగం అంతగా ఇమడదు. "నాచేత అన్నం తినబడినది" అని ఏ ఇంట్లోనూ ఎవరూ అనరు. అయినా బాధ్యత తప్పించుకోదలచినవారికి ఇంతకంటె అనువైన ప్రయోగం లేదు. చేసినవాడు వాక్యంలోనుంచి మెల్లగా జారిపోతాడు, పని మాత్రం తనంతట తాను జరిగినట్లు నిలబడుతుంది. ఇది ఇంటర్నెట్ అంగళ్ళు కనిపెట్టిన విద్యా కాదు. "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు" అని వీధి దుకాణాల రసీదులమీద మనం చిన్ననాటినుంచీ చదువుతున్నదే. అయితే అక్కడ రసీదు వెనుక షావుకారు కనిపించేవాడు. ఆయన అరుగుమీద కూర్చుని నాలుగు మాటలనవచ్చు.

ప్రాచీన ఊర్ నగరంలో, అనగా నేటి ఇరాక్ దేశంలో, దొరికిన ఒక మట్టిపలక లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. సుమారు క్రీస్తుపూర్వం 1750 నాటిది. నాసిరకం రాగి ఇవ్వజూపినాడనీ, పంపిన మనుషులను అవమానించినాడనీ నన్ని అనే కొనుగోలుదారు ఎయా-నాసిర్ అనే వర్తకునికి వ్రాయించిన ఫిర్యాదు అది. అతనికి న్యాయం జరిగినదో లేదో పలక చెప్పదు. కాని ఎవరిని నిలదీయాలో అతనికి తెలుసు. నాకు ఆ పాటి భాగ్యం కూడా లేకపోయినది.

మన చట్టం ఈ లోపాన్ని గుర్తించకపోలేదు. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019లో చేసిన చట్టం 2020 జూలైలో అమలులోనికి వచ్చినది. ఆ నెలలోనే వెలువడిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఇంటర్నెట్ అంగడి ఫిర్యాదుల అధికారిని నియమించి, ఆయన పేరు, హోదా, చిరునామా వివరాలు ప్రకటించాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. పేరు ప్రకటించాలి అన్న ఆ ఒక్క మాట నాకు మిక్కిలి నచ్చినది. వాక్యానికి కర్తను చేర్చమని చట్టమే ఆజ్ఞాపించినది గదా! అంగడివారు ఆ పేరును ఎంత చిన్న అక్షరాలలో, ఎంత అడుగున వేస్తున్నారన్నది వేరే సంగతి. అక్కడా పని జరగకపోతే మనం నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు రెండేండ్లలోగా ఫిర్యాదు పెట్టుకోవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయలకు మించకపోతే రుసుము లేదు. వకీలు ఉండితీరాలనీ లేదు. ముందుగా సలహా కావాలంటే 1915కు ఫోను చేయవచ్చు. పౌరనీతి పాఠాలలో శాసనసభల గురించి చెప్పే మనం, ఇటువంటి లేఖ ఒకటి పిల్లలచేత వ్రాయించితే ఎంత బాగుండును!

అధికారి పేరును మా అమ్మాయే వెదకి పట్టినది. పన్నెండవనాడు ఆయన పేరు పెట్టి, తేదీలన్నీ వరుసగా వేసి, సొట్ట ఫొటో జతచేసి లేఖ పంపినాను. మరునాడే జాబు వచ్చినది. మరి రెండు దినాలకు ఒక మనిషి ఫోను చేసి, తన పేరు తాను చెప్పి, "పొరపాటు మాదేనండీ, మార్పిస్తాను" అన్నాడు. చిన్న వాక్యమే గాని కర్త ఉన్న వాక్యం.

పందొమ్మిదవనాడు క్రొత్త ఫ్రిజ్‌తో వచ్చినవాడు పెట్టె విప్పి, పనిచేయించి చూపి, అప్పుడు అంకెలు అడిగినాడు. మా అమ్మ అతనికి మజ్జిగ ఇప్పించి, "నీ పేరేమిటి నాయనా?" అని అడిగినది. అతడు పేరుతోపాటు ఊరు కూడా చెప్పినాడు.