పెద్ద షెడ్డుకు రాయితీ, పేదవాడి పందిపిల్లకు పొట్లం

2020 డిసెంబరులో, శాసనసభ ఎన్నికలకు కొద్ది నెలల ముందు, పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికారిక గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించింది. ఆ నిర్ణయం ప్రధానంగా ఖరగ్‌పూర్‌ను దృష్టిలో పెట్టుకున్నదే. రైల్వే కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుండి తరలివెళ్ళిన కుటుంబాల వారసులు ఆ పట్టణంలో పెద్ద సంఖ్యలో ఉన్నారు. సంతాలీకి రాష్ట్రంలో అటువంటి గుర్తింపు అంతకు ముందే లభించింది. భాషను గుర్తించిన ప్రభుత్వం ఆ భాష మాట్లాడేవారి బ్రతుకుతెరువును కూడా గుర్తించిందా అన్నదే అసలు ప్రశ్న.

ఖరగ్‌పూర్ పొలిమేర దాటితే పశ్చిమ మేదినీపూర్, ఝార్‌గ్రామ్ పల్లెలలో సంతాల్ కుటుంబాలు రెండు మూడు పందులను పెంచుకుంటాయి. ఆంధ్ర, తెలంగాణలలో ఎరుకల కుటుంబాలకూ ఇది తరతరాల జీవనాధారం. వైద్యానికో, పిల్ల పెళ్ళికో, బడి ఖర్చుకో అమ్ముకునే ఆపద్ధనం అది. ఆ ధనం నిలుస్తుందా, పోతుందా అన్నది పిల్లలు తల్లిపాలు మానిన తొలి రెండు వారాలలో చాలావరకు తేలిపోతుంది.

పందిపిల్ల రోగనిరోధక శక్తితో పుట్టదు. తొలి గంటలలో తాగే ముర్రుపాలతోనే దానికి రక్షణ అందుతుంది. పాలు మాన్పించగానే ఆ రక్షణ తెగిపోతుంది. అలవాటు లేని దాణాను అది సరిగా ముట్టదు. పేగు గోడమీద ఆహారాన్ని పీల్చుకునే చూషకాలు కురచబడతాయి. కడుపులో ఆమ్లం చాలదు. ఈ. కోలి బాక్టీరియా విజృంభించి విరేచనాలు పట్టుకుంటాయి. పిల్ల చావకపోయినా ఎదుగుదల నిలిచిపోతుంది.

ఆ వేళ పశువైద్యుడు రావాలి. కేంద్ర పథకం ప్రకారం లక్ష పశువులకు ఒక సంచార వైద్య వాహనం. వాహనం రాని చోట దాణా దుకాణమే ఆసుపత్రి అవుతుంది, దుకాణదారే వైద్యుడవుతాడు. ‘ఎదుగుదల పొడి’ పొట్లం చేతిలో పడుతుంది. అందులో ఉన్నది మేలుచేసే సూక్ష్మజీవులో, ఆమ్ల లవణాలో, యాంటీబయాటిక్కో కొన్నవాడికి తెలియదు.

ఈ అజ్ఞానానికి మూల్యం పందులు మాత్రమే చెల్లించవు. మనుషులకు ఆఖరి అస్త్రంగా దాచుకోవలసిన కొలిస్టిన్‌ను తట్టుకునే జన్యువు ఎంసీఆర్-1 చైనా పందులలో బయటపడినట్లు 2015లో వెల్లడైంది. చైనా 2017లో దాణాలో దాని వాడకాన్ని ఆపింది. భారతదేశం 2019 జులైలో ఆహార పశువులకు దానిని నిషేధించింది. మంచి పనే. అయితే ఒక మందు పేరు గెజెట్‌లో ఎక్కినంత మాత్రాన విరేచనాలు ఆగవు. కారణం అలాగే ఉంటే పొట్లంలో మందు మారుతుంది, పొట్లం మారదు.

యాంటీబయాటిక్ లేకపోతే పిల్లలు చచ్చిపోతాయని, పరిశ్రమ కూలిపోతుందని ఒక వాదం ఉన్నది. దానికి డెన్మార్క్ జవాబిచ్చింది. అక్కడ 2000 నాటికి ఎదుగుదల కోసం వాడే యాంటీబయాటిక్‌లను పూర్తిగా మానేశారు. తొలినాళ్ళలో పాలు మాన్పిన పిల్లలకు విరేచనాలు పెరిగిన మాట నిజం. కాని 1992-2008 మధ్య కిలో పందిమాంసానికి వాడిన యాంటీబయాటిక్ పరిమాణం సగానికి పైగా తగ్గింది, ఉత్పత్తి మాత్రం పెరిగింది. ఐరోపా సమాఖ్య 2006లో అదే బాట పట్టింది. విరేచనాలకు అధిక మోతాదులో వాడే జింక్ ఆక్సైడ్‌ను సైతం 2022 జూన్‌లో ఆపింది.

ఇందులో మంత్రమేమీ లేదు. తొందరపడి పాలు మాన్పించకపోవడం, మానకముందే కొద్దికొద్దిగా దాణా అలవాటు చేయడం, సులువుగా అరిగే మేత, వెచ్చని పొడి పడక, శుభ్రమైన నీరు. ఇవన్నీ ఉన్నచోట ఆమ్లాలు, ప్రొబయాటిక్‌లు కొంత తోడ్పడతాయి. ఇవి లేనిచోట ఎంత ఖరీదైన పొడి అయినా బూడిదలో పోసిన పన్నీరే.

మరి మన ప్రజాధనం ఎక్కడికి పోతున్నది? జాతీయ పశుసంపద మిషన్ పందుల పెంపకానికి 50 శాతం మూలధన రాయితీ, గరిష్ఠంగా 30 లక్షల రూపాయలు ఇస్తున్నది. ఆ గరిష్ఠ రాయితీ వంద తల్లిపందుల షెడ్డు కట్టగలిగినవాడికే. బ్యాంకు గడప ఎక్కలేని రెండు పందుల ఇంటికి ఆ రాయితీ కాగితం మీది మాటే. 2012లో సుమారు 1.03 కోట్లున్న దేశంలోని పందులు 2019 గణనలో 90.6 లక్షలకు పడిపోయాయి. ఇంతటి తగ్గుదల తరువాత కూడా పాలకుల కంటికి షెడ్లే కనబడుతున్నాయి, దొడ్లు కనబడటం లేదు.

చేయవలసినది కష్టమైనదేమీ కాదు. వైద్యుని చీటీ లేనిదే దాణా దుకాణాలలో యాంటీబయాటిక్ అమ్మకూడదు. ప్రతి పొట్లంమీద లోపల ఏమున్నదో స్థానిక భాషలో ఉండాలి: ఖరగ్‌పూర్ ప్రాంతంలో బెంగాలీతో పాటు సంతాలీలో, తెలుగులో. రాయితీలో ఒక వాటాను చిన్న పెంపకందారుల పడకలకు, నీటికి, పాలు మాన్పే నాటి మేతకు కేటాయించాలి. భాషకు హోదా ఇచ్చామని ఓటు అడిగినవారు, ఆ భాషలో ఒక హెచ్చరికైనా అచ్చువేయించి అప్పుడు మళ్ళీ ఓటు అడగాలి.