దూరము కిలోమీటర్లది కాదు, మజిలీలది

హైదరాబాదు ప్రగతి నగర్‌లో అంబీర్ చెరువు గట్టున సాయంకాలము నడువ వచ్చు పెద్దలను షికాగో ఎంత దూరమని యడిగినచో కిలోమీటర్లు చెప్పువారు లేరు. "దోహాలో ఒకసారి మారాలి", "దుబాయిలో నాలుగు గంటలు వెయిటింగు" అనియే సమాధానము. వారు దూరమును మజిలీలతో కొలుచుచున్నారు. ఆ కొలతయే సరియైనదని నా యభిప్రాయము.

గణితము చెప్పునది వేరు. శంషాబాదు విమానాశ్రయము నుండి షికాగోకు అతిసమీపమార్గము సుమారు 13,300 కిలోమీటర్లు. గోడపటము చూచువారికి ఆ దారి ఐరోపా మీదుగా అట్లాంటిక్కును దాటునని తోచును గాని, గ్లోబుపై దారము బిగించి చూచినచో అది కజకిస్తాను, రష్యాల మీదుగా ఉత్తరమునకు ఎగబ్రాకి, ధ్రువప్రాంతమును ఒరసి, గ్రీన్లాండు, కెనడాలను దాటి దిగును. 2021 జనవరిలో ఎయిరిండియా ఈ రెండు నగరములను వారమునకొక విమానముతో నేరుగా కలిపినపుడు ప్రయాణమునకు పదహారు గంటలకు పైగా పట్టెడిది. మధ్యాహ్నము హైదరాబాదు విడిచినవారు, గడియారము వెనుకకు జరుగుటచేత, అదే తేదీ సాయంకాలము షికాగోలో దిగెడివారు. ఆ విమానము తరువాత నిలిచిపోయినది.

మజిలీతో పోయినచో ఇరువది గంటలు దాటును. నాలుగైదు గంటల తేడాకు ఇంత ఆరాటమేల యనువారు, కూతురి పురిటికై తొలిసారి ఒంటరిగా బయలుదేరిన తల్లిని చూచియుండరు. ఆవకాయ సీసాలకు టేపు చుట్టి, పెట్టెను పదేపదే తూచి ఇరువదిమూడు కిలోలకు సరిపెట్టిన ఆ నేర్పరి చేతిసంచిలో, పాస్‌పోర్టు ప్రక్కనే, ప్లాస్టికు కవరులో మడచిన కాగితమొకటి యుండును: తనకు ఇంగ్లీషు రాదనియు, ఫలానా గేటుకు దారి చూపవలసినదనియు కూతురు ఇంగ్లీషున వ్రాసి పంపినది. రోజూ చెరువుచుట్టు నడచునట్టి ఆరోగ్యవంతులు విమానాశ్రయమున వీల్‌చైరు కోరుటను పరిహసించువారు కలరు, నేను పరిహసింపను. ఆమె కోరినది చక్రములను కాదు, గేటు తెలిసిన మనుష్యుని.

నేరు విమానము గిట్టదను విమానసంస్థల వాదమును త్రోసిపుచ్చరాదు. సుదీర్ఘప్రయాణమున, మోయుచున్న ఇంధనమును మోయుటకే కొంత ఇంధనము వ్యయమగును; ఎదురుగాలి మరికొంత మ్రింగును; బిజినెస్ క్లాసు నిండనిదే లెక్క కుదరదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాను తన గగనతలమును భారతీయ విమానములకు మూసివేయుటతో ఉత్తరమునకు పోవు దారులు వంకర తిరిగినవి.

ప్రభుత్వము నష్టమును భరించుటయు పరీక్షింపబడినదే. 2018 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నష్టపూరణపు హామీనిచ్చి విజయవాడ నుండి సింగపూరుకు విమానము నడిపించినది. ఆ ముచ్చట కొన్ని నెలలకే తీరినది. ఏడాది పొడుగునా ఖజానా నుండి నడుపుమని నే నడుగుట లేదు. స్నాతకోత్సవములకును పురుళ్లకును తల్లిదండ్రులు తండోపతండములుగా తరలిపోవు ఏప్రిల్ నుండి జూలై వరకైనను, వారమునకు ఒకటి రెండు సర్వీసులు నేరుగా నడుపుడని తెలంగాణ ప్రభుత్వము, విమానాశ్రయ యాజమాన్యము కలిసి విమానసంస్థల నడుగవలెను. టికెట్టు కొంత ప్రియమైనను కొనిపెట్టు కొడుకులు, కూతుళ్లు షికాగోలో కొరతపడరు.