ఎవరి గొంతు వారిదే

వరికంకులను అల్లి కట్టిన కుచ్చును చదువరులలో చాలామంది చూసే ఉంటారు. కోతలు ముగిసిన తరువాత పిచ్చుకల కోసం దానిని వసారా దూలానికి వేలాడదీస్తారు. మూడేళ్ళ క్రితం, ఉత్తరాంధ్రలోని ఒక పల్లెలో ఉన్న మా పెద్దమ్మ చేత ఆ కుచ్చుల సంగతి చెప్పిస్తున్నాను. ఆమె అక్కడ, నేను హైదరాబాదులో. మాట్లాడుకునేది కంప్యూటరు ద్వారా. ఆమె చెప్పే కథలను ఇంగ్లీషులోకి అనువదించాలని నా సంకల్పం. సంభాషణ అంతా రికార్డవుతున్నదన్న ధీమాతో కాగితం మీద ఒక్క ముక్క కూడా రాసుకోలేదు.

"మేమంతా కుచ్చు అంటాం గానీ, మా అత్తగారు మాత్రం దాన్ని..." అంటూ ఆమె ఏదో మాట చెప్పింది. సరిగ్గా ఆ క్షణంలోనే నేను ఉత్సాహం పట్టలేక "అవునా పెద్దమ్మా!" అన్నాను. అప్పుడే ఎవరిదో సందేశం వచ్చి కంప్యూటరు టింగుమన్నది. తరువాత విని చూసుకుంటే నా "అవునా" వినిపించింది, టింగు వినిపించింది. పెద్దమ్మ అత్తగారి మాట మాత్రం వినిపించలేదు.

నలభైసార్లు విన్నాను. మాట చివర ఉన్నది 'లి' అనే అక్షరమో, 'ళి' అనే అక్షరమో కూడా తేలలేదు. మళ్ళీ అడగవచ్చు గదా అని ఊరుకున్నాను. ఆ వానాకాలంలోనే పెద్దమ్మ కాలం చేసింది.

ఇందులో యంత్రం తప్పేమీ లేదు. చెప్పిన పని అది చేసింది. మూడు శబ్దాలనూ ఒకే గాటన కట్టమని చెప్పినది నేనే. ఇంట్లో కంప్యూటరు పెట్టుకుని పాఠాలు చెప్పేవారు, పెద్దల జ్ఞాపకాలు సేకరించేవారు, ప్రత్యక్ష ప్రసారాలు చేసేవారు ఈనాడు ఊరూరా ఉన్నారు. నాకు జరిగిన నష్టం వారికి జరగకూడదనే ఈ నెల ఈ సంగతి ఎత్తుకున్నాను.

కలిసిన శబ్దాలు విడిపోవడం ఎందుకంత కష్టం? కంప్యూటరు దృష్టిలో శబ్దం అంటే అంకెల వరుస. మైకు పట్టిన గాలి ఒత్తిడిలోని మార్పును అది సెకనుకు 48,000 సార్లు కొలిచి రాసుకుంటుంది. రెండు శబ్దాలను కలపడమంటే ఆ అంకెలను కూడడమే. ఏడూ మూడూ పది. ఆరూ నాలుగూ కూడా పదే. మొత్తం మాత్రమే మిగిలి, కూడిన అంకెలు పోయినప్పుడు, ఏది ఎంత అని చెప్పగలవారెవరు?

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటి ఉన్నది. బీటిల్స్ బృందానికి చెందిన జాన్ లెనన్ 1970ల చివరి భాగంలో న్యూయార్కులోని తన ఇంట్లో పియానో వాయిస్తూ ఒక పాట పాడి, మామూలు కేసెట్టు మీద రికార్డు చేసుకున్నాడు. 1980లో ఆయన హత్యకు గురయ్యాడు. 1995లో మిగిలిన ముగ్గురు మిత్రులూ ఆ పాటను పూర్తి చేయబోయి విరమించుకున్నారు. కేసెట్టులో గొంతూ పియానో ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. పియానో తగ్గిస్తే గొంతు తగ్గుతుంది, గొంతు పెంచితే పియానో పైకి వస్తుంది. చివరకు 2022లో, పీటర్ జాక్సన్ తన డాక్యుమెంటరీ కోసం తయారు చేయించిన యంత్రవిద్య సాయంతో, ఆ గొంతును పియానో నుంచి వేరుచేయగలిగారు. 'నౌ అండ్ దెన్' అనే పేరుతో పాట విడుదలయ్యేనాటికి ఆ ముగ్గురిలో ఒకరైన జార్జ్ హారిసన్ కూడా లేడు.

పాలనూ నీళ్ళనూ వేరుచేసే హంస దొరికింది గదా అనుకోవచ్చు. అటువంటి సాఫ్ట్‌వేరును నేనూ ప్రయత్నించాను. పియానో వేరు, గొంతు వేరు అని గుర్తించడం ఒక ఎత్తు. ఒక మనిషి గొంతు మీద పడిన మరో మనిషి గొంతును విడదీయడం మరో ఎత్తు. నా రికార్డింగు నుంచి అది ఒక మాటవంటి శబ్దాన్ని బయటకు తీసింది. అయితే అది పెద్దమ్మ పలికిన మాటో, యంత్రం ఊహించి పూరించిన మాటో తేల్చుకోలేకపోయాను. అనువాదం చేసేవారికి అంతకంటె పెద్ద ప్రమాదం లేదు. ఆ శబ్దాన్ని వదిలేశాను.

తరువాత విడదీయడం కంటె ముందుగా కలపకుండా ఉండటమే మేలు. ఇది కొత్త సూత్రమేమీ కాదు. 1957లో ఆంపెక్స్ సంస్థ గిటారు విద్వాంసుడు లెస్ పాల్ కు ఎనిమిది ట్రాకుల టేపు యంత్రాన్ని తయారుచేసి ఇచ్చింది. ఒకే టేపు మీద ఎనిమిది దారులు పక్కపక్కనే నడుస్తాయి. దేని శబ్దం దానిదే. ఆనాడు గది నిండా యంత్రాలు కావలసిన ఆ సదుపాయం ఈనాడు బల్లమీది కంప్యూటరులో ఉచితంగా దొరుకుతున్నది. మనం అడగడమే తరువాయి.

అడగకపోతే ఏమవుతుంది? పాట, ఫోను సంభాషణ, సందేశాల టింగు, అన్నింటినీ కంప్యూటరు తానే కలిపి స్పీకరుకు పంపుతుంది. రికార్డు చేసే సాఫ్ట్‌వేరు సాధారణంగా ఆ కలిసిన ప్రవాహాన్నే పట్టుకుంటుంది. కనుక వేరుచేయడం ఆ కలయికకు ముందే జరగాలి.

నేను ఇప్పుడు వాడుతున్నది 2012లో మొదలైన ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేరు. రికార్డింగులో ఆరు శబ్దపు ట్రాకుల వరకు ఇది ఉంచగలదు. సెట్టింగ్స్‌లోని అవుట్‌పుట్ పేజీని అడ్వాన్స్‌డ్ పద్ధతికి మార్చి, రికార్డింగ్ విభాగంలో కావలసిన ట్రాకులకు టిక్కు పెట్టాలి. ఆ తరువాత అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్ అనే పట్టికలో ఏ శబ్దం ఏ ట్రాకుకు పోవాలో నిర్ణయించాలి. మొదట ప్రతి శబ్దానికీ ఆరు గళ్ళలోనూ టిక్కు ఉంటుంది. దానిని అలాగే వదిలేస్తే ఆరు ట్రాకులలోనూ ఒకే కలగాపులగం వస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే.

నా పంపకం ఇది. ఒకటవ ట్రాకులో అన్నీ కలిసి ఉంటాయి. రెండవది నా మైకు. మూడవది అవతలివారి గొంతు. నాలుగవది సంగీతం. సందేశాల టింగులకు ఎక్కడా చోటు లేదు. విండోస్ కంప్యూటరులో ఒక్కొక్క ప్రోగ్రాము శబ్దాన్ని విడిగా పట్టుకునే సౌకర్యం 2022లో వచ్చిన 28వ వెర్షన్ నుంచి దీనిలోనే ఉన్నది. పేరు అప్లికేషన్ ఆడియో క్యాప్చర్. దానిని వాడేటప్పుడు డెస్క్‌టాప్ ఆడియోను తీసివేయాలి. లేకపోతే అదే శబ్దం రెండుసార్లు వస్తుంది. సంభాషణ, సంగీతం రెండూ ఒకే బ్రౌజరులో నడిస్తే అవి కలిసే వస్తాయి గనుక వాటిని వేర్వేరు ప్రోగ్రాములలో నడపడం మంచిది.

ప్రత్యక్ష ప్రసారంలో వినేవారికి కలిపిన శబ్దమే కావాలి గనుక అక్కడికి ఒకటవ ట్రాకును పంపుతాను. మిగిలినవి నా దగ్గర ఉంటాయి. ప్రసారంలో వినిపించిన పాటను తరువాత దాచుకునే ప్రతి నుంచి తీసివేయవలసి వస్తే, నాలుగవ ట్రాకును ఆపితే చాలు. మాటలకు దెబ్బ తగలదు. ఎడిటింగు చేసేటప్పుడు మాత్రం ఒకటవ ట్రాకును మూసివేయడం మరవకూడదు. మామూలు ప్లేయరులో ఫైలు తెరిస్తే సాధారణంగా ఒకటవ ట్రాకు ఒక్కటే వినిపిస్తుంది. మిగిలినవి పోయాయని కంగారుపడనక్కరలేదు. ఎడిటింగు సాఫ్ట్‌వేరులో తెరిస్తే అన్నీ కనబడతాయి.

దీనికి అయ్యే స్థలం కూడా స్వల్పమే. సెకనుకు 160 కిలోబిట్ల చొప్పున ఒక ట్రాకుకు గంటకు 72 మెగాబైట్లు పడుతుంది. నాలుగు ట్రాకులకు 288. ఫైలును మాత్రం ఎమ్‌కేవీ రూపంలో ఉంచుకోవడం శ్రేయస్కరం. మధ్యలో కరెంటు పోతే సాధారణ ఎంపీ4 ఫైలు తెరుచుకోకపోవచ్చు. ఎమ్‌కేవీలో అప్పటి వరకు జరిగినది దక్కుతుంది. పని పూర్తయిన తరువాత ఆ సాఫ్ట్‌వేరులోనే దానిని ఎంపీ4గా మార్చుకోవచ్చు.

ఇన్ని చేసినా ఇయర్‌ఫోన్ పెట్టుకోకపోతే ప్రయోజనం లేదు. స్పీకరులో నుంచి వచ్చే అవతలివారి మాట మన మైకులో పడుతుంది. ట్రాకులు వేరైనా గొంతులు మళ్ళీ కలిసిపోతాయి. అందుచేత అసలు సంభాషణకు ముందు ఒక నిమిషం రికార్డు చేసి, ఒక్కొక్క ట్రాకునూ విడిగా విని చూడాలి. ఎదుటివారికి చెప్పి, వారు సరేనన్న తరువాతే రికార్డు మొదలుపెట్టాలని వేరుగా చెప్పనక్కరలేదు. విడిగా ఉన్న గొంతులో మనిషి ఊపిరి కూడా వినబడుతుంది. అది వారి సొత్తు.

మొన్న సంక్రాంతి తరువాత పెద్దమ్మ తోడికోడలితో మాట్లాడాను. ఆమెకూ అత్తగారు ఆవిడే గదా అని, కుచ్చుకు ఆమె వాడిన మాట ఏమిటని అడిగాను. "ఏమో నాయనా, ఆ మాటలన్నీ పెద్దకోడలితోనే పోయాయి" అన్నది. కళ్ళంలో ధాన్యం కొలిచిన సంగతులు చాలా చెప్పింది. ఒకచోట నేను అలవాటు చొప్పున మళ్ళీ "అవునా!" అని అడ్డుపడ్డాను. రాత్రి నా ట్రాకును మూసి ఆమె ట్రాకును మాత్రమే విన్నాను. "అడ్డతో కాదు, కుంచంతో" అన్న మాట స్పష్టంగా ఉన్నది. అడ్డకు కుంచం రెండింతలు. ఆ ఒక్క మాట దొరకకపోతే ఆ ఇంటి పంట అనువాదంలో సగమయ్యేది.

పెద్దమ్మ కథ అనువాదం కూడా పూర్తయింది. కుచ్చు దగ్గరకు వచ్చేసరికి, వాళ్ళ అత్తగారు దానికి వేరే పేరు వాడేవారని మాత్రమే రాశాను. ఆ పేరు ఏమిటో రాయలేదు.