పాదాలకు కళ్ళు

మా కొత్తచెరువు నేల మీద ముల్లు గుచ్చుకుంటే ప్రాణం జివ్వుమంటుంది. కాని కేన్సరుకు కీమోథెరపీ తీసుకున్నవారిలో కొందరు గుచ్చుకున్న సంగతే ఎరగరు. కాళ్ళు తిమ్మిరులు, మంటలు. బొత్తాం పెట్టుకోబోతే వేళ్ళు మాట వినవు. "నీరసంలే" అంటారు ఇంట్లోవారు.

నీరసం కాదు సుమండీ! వానలు లేకున్నా మన పెరళ్ళలో పూచే బిళ్ళగన్నేరు నుంచే విన్‌క్రిస్టిన్ అనే మందు తీస్తారు. 1963లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు, కణం చీలడానికి కావలసిన సన్నని గొట్టాలను కట్టుకోనివ్వదు. నరాలలో సరుకు చేరవేసేవీ అటువంటి గొట్టాలే. అందుకే పొడవైన నరాల చివరనున్న పాదాలు ముందుగా మొద్దుబారుతాయి. అలాగని ఆ ఆకులు నమిలేరు, విషం!

ఓర్చుకోవడం గొప్ప కాదు. తరువాతి మోతాదుకు ముందే డాక్టరుకు చెప్పాలి. మోతాదు తగ్గించవచ్చు, నొప్పికి డులోక్సెటిన్ ఇవ్వవచ్చు. స్నానపు నీటి వేడి మరొకరు చూడాలి. రోజూ రాత్రి అరికాళ్ళు వెలుతురులో పరీక్షించాలి. చాలామందికి మందు ఆపిన కొన్ని నెలలకు తగ్గుముఖం పడుతుంది, కొందరికి మిగిలిపోతుంది.

మరి, ఆ మనిషి మెత్తని చెప్పులతో తిరుగుతుంటే, "ఇంట్లో చెప్పులేమిటి?" అని మాత్రం కోప్పడకండి.