పరిచర్యలో వివేకం

విజయనగరానికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, నెల్లిమర్ల మండలంలో రామతీర్థం ఉన్నది. శ్రీరాముని ఆలయం వలన ఆ గ్రామం పేరు ఉత్తరాంధ్రలో ఎరుగనివారు అరుదు. ఆలయానికి చేరువలోని కొండల మీద మరొక చరిత్ర కూడా నిలిచి ఉన్నది. బోధికొండ మీద జైన శిల్పాలు, గురుభక్తులకొండ మీద బౌద్ధ స్తూప, చైత్య, విహారాల శిథిలాలు నేటికీ కనిపిస్తాయి.

బౌద్ధ విహారాలలో భిక్షువుల నిత్యజీవితాన్ని క్రమబద్ధం చేసిన గ్రంథం వినయపిటకం. అందులో ఒక ఘట్టం ఉన్నది. అతిసార వ్యాధితో ఒక భిక్షువు తన మలమూత్రాలలోనే పడి ఉండగా బుద్ధుడు చూశాడు. తోటివారెవరూ అతనిని పట్టించుకోలేదు. బుద్ధుడు ఆనందుని చేత నీళ్లు తెప్పించాడు. తాను నీళ్లు పోయగా ఆనందుడు రోగి దేహాన్ని శుభ్రపరచాడు. ఇద్దరూ కలిసి అతనిని ఎత్తి మంచం మీద పరుండబెట్టారు. పిమ్మట బుద్ధుడు భిక్షువులను సమావేశపరచి, తనకు సేవ చేయదలచినవారు రోగికి సేవ చేయవలెనని చెప్పాడు. ఈ కథ చాలామంది విన్నదే. దాని వెంట వచ్చే భాగానికి మాత్రం అంతటి ప్రచారం లేదు. రోగికి పరిచర్య చేసేవారికి ఉండవలసిన ఐదు లక్షణాలు అక్కడ చెప్పబడినవి. మందు సిద్ధం చేయగలగడం, రోగికి ఏది హితమో ఏది అహితమో తెలిసి ఉండడం, లాభాపేక్ష లేక దయతో సేవించడం, మలమూత్రాదులను అసహ్యించుకొనకపోవడం, మంచి మాటలతో రోగి మనస్సుకు ఉల్లాసం కలిగించడం అనేవి ఆ ఐదు. చరక సంహిత కూడా వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అని చికిత్సకు నాలుగు పాదాలను చెప్పి, పరిచారకుని గుణాలలో ఉపచార జ్ఞానాన్నే మొదట పేర్కొన్నది. దక్షత, అనురాగం, శుచిత్వం తరువాత వస్తాయి.

మన సమాజం ఈ లక్షణాలలో దయను, సహనాన్ని నిలుపుకొని జ్ఞానాన్ని మరచిపోయినదని నా అభిప్రాయం. నర్సును తల్లి అంటాము, దేవత అంటాము. ఏటా మే 12వ తేదీన సన్మానిస్తాము. కాని రోగిని రాత్రంతా కనిపెట్టుకొని ఉన్న ఆ మనిషి, రోగి స్థితిని గురించి ఏమనుకొంటున్నదో అడిగేవారు తక్కువ. పొగడ్త ఒక్కొక్కప్పుడు నోరు మూయించే ఉపాయం కూడా అవుతుంది.

మే 12 ఫ్లారెన్స్ నైటింగేల్ జన్మదినం. ఆమె పేరు చెప్పగానే చేతిలో దీపం పట్టుకొని గాయపడిన సైనికుల మధ్య తిరిగే మూర్తి మన కన్నుల ముందు నిలుస్తుంది. ఆమె గొప్ప గణాంకవేత్త అన్న సంగతి పాఠ్యపుస్తకాలలో అంతగా కనిపించదు. క్రిమియన్ యుద్ధంలో సైనికులు గాయాల కంటె రోగాల వలననే అధికంగా మరణించారని ఆమె లెక్కలు కట్టి, చక్రాకారపు చిత్రాలు గీసి బ్రిటిష్ ప్రభుత్వానికి చూపినది. భారతదేశానికి ఒక్కసారి కూడా రాకపోయినా, ఇక్కడి సైనిక స్థావరాల నుండి నివేదికలు తెప్పించుకొని, మురుగునీరు, త్రాగునీరు, ఇరుకు నివాసాలు ఎట్లు మరణాలకు కారణమవుతున్నవో 1860ల నాడే వివరించినది. ఆమె దయ అంకెలలోనికి ప్రవేశించినది కనుకనే ప్రభుత్వాలు కదిలినవి.

ఆ అంకెల మార్గంలోనే నర్సింగ్ పరిశోధన పెరిగినది. అమెరికాలో లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 ఆసుపత్రులలో శస్త్రచికిత్స చేయించుకొన్న రోగులను పరిశీలించి 2002లో ఫలితాలను ప్రకటించినది. ఒక నర్సు చూడవలసిన రోగుల సంఖ్య ఒకటి పెరిగిన కొద్దీ, ముప్పై రోజులలోగా రోగి మరణించే అవకాశం 7 శాతం చొప్పున పెరిగినట్లు తేలినది. అదే బృందం తొమ్మిది ఐరోపా దేశాలలో జరిపిన అధ్యయనం 2014లో వెలువడినది. డిగ్రీ చదివిన నర్సుల శాతం పది పెరిగిన చోట మరణావకాశం 7 శాతం తగ్గినట్లు అందులో కనిపించినది. ఇటువంటి అధ్యయనాలు రెండింటి మధ్య సంబంధాన్ని చూపగలవే కాని, ఒకటి మరొకదానికి కారణమని సంపూర్ణంగా నిరూపించలేవు. అయినను ఇన్ని దేశాలలో ఒకే తీరుగా కనిపించిన సంబంధాన్ని త్రోసిపుచ్చడం వివేకం కాదు.

చదువు ఒక్కటే చాలునా? చాలదని పట్రీషియా బెన్నర్ 1984లో ప్రచురించిన గ్రంథం చెబుతుంది. నర్సు కొత్తగా చేరిన దశ నుండి నిపుణురాలు అయ్యేవరకు ఐదు దశలు దాటుతుందని ఆమె వివరించినది. మొదటి దశలోని నర్సు నియమాలను చూచి పని చేస్తుంది. నిపుణురాలు రోగిని చూచి పని చేస్తుంది. రక్తపోటు అంకె ఇంకా మారక ముందే, రోగి చూపులోనో మాటలోనో చర్మపు వన్నెలోనో వచ్చిన తేడాను ఆమె పసిగడుతుంది. బెన్నర్ చెప్పిన మరొక విషయం మన ఆసుపత్రుల పాలకులు గమనించదగినది. ఒక విభాగంలో నిపుణురాలైన నర్సును అలవాటులేని విభాగానికి మార్చినచో ఆమె అక్కడ తిరిగి కొత్తదే అవుతుంది. నవజాత శిశువుల విభాగంలో పదేండ్లు పనిచేసిన నర్సును ఎముకల వార్డుకు పంపితే కాగితం మీద ఖాళీ భర్తీ అవుతుంది. పదేండ్లలో కూడిన విద్య మాత్రం మూలపడుతుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ఎన్ని కుటుంబాలను కుంగదీసినదో మనకు తెలుసు. పలాసలో 200 పడకల ప్రత్యేక వైద్యశాల, పరిశోధన కేంద్రం 2023లో ప్రారంభమైనవి. డయాలిసిస్ జరిగే నాలుగు గంటలూ వైద్యుడు ప్రతి పడక పక్కన నిలబడడు. రోగికి ఆవులింతలు వస్తున్నవి, కాలి పిక్కలు పట్టుకొంటున్నవి, రక్తపోటు దిగజారుతున్నది. ఆ క్షణంలో ఏమి చేయవలెనో నిర్ణయించవలసినవారు యంత్రం పక్కన ఉన్నవారే.

ప్రసవానంతర రక్తస్రావం విషయంలో ఈ సంగతి మరింత స్పష్టం. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశాలలోని 80 ఆసుపత్రులలో రెండు లక్షలకు పైగా ప్రసవాలపై జరిగిన పరీక్ష ఫలితాలు 2023లో వెలువడినవి. రక్తం ఎంత పోయినదో కంటి అంచనాతో కాక, కొలత గీతలున్న సంచిలో పట్టి చూశారు. హద్దు దాటగానే గర్భాశయాన్ని మర్దించడం, మందులు, సెలైన్ ఎక్కించడం, పరీక్షించి కారణం వెదకడం అన్నీ ఒక్కసారిగా మొదలుపెట్టారు. ఈ పనిలో మంత్రసాని నర్సులదే ప్రధాన పాత్ర. తీవ్ర రక్తస్రావం, దాని వలన శస్త్రచికిత్స లేదా మరణం కలిసి అరవై శాతం తగ్గినవి. సంచి ఖరీదైనది కాదు. మందులు కొత్తవి కావు. చూచిన మనిషికి వెంటనే పూనుకొనే అధికారం ఇవ్వడమే అందులో అసలైన మార్పు అని నేను భావిస్తున్నాను. గర్భిణిని డోలీలో మోసుకొని రావలసిన కొండ గ్రామాలు ఉన్న పార్వతీపురం మన్యం వంటి జిల్లాకు ఇంతకంటె పనికివచ్చే పరిశోధన ఏది?

తెలుగునేల మీద ఇందుకు పునాది లేకపోలేదు. తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో కలిసి 2017లో స్టాఫ్ నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించినది. మరుసటి సంవత్సరమే కేంద్ర ప్రభుత్వం మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలు వెలువరించినది. 2018లో ప్రకటించిన ఆయుష్మాన్ భారత్ పథకం కింద ఉపకేంద్రాలలో బి.ఎస్సీ. నర్సింగ్ చదివినవారిని నియమించే పద్ధతి ఆంధ్రప్రదేశ్‌లోనూ వచ్చినది. ఊరిలో రక్తపోటు, మధుమేహం మొదట కనిపెట్టేది, ఎవరిని పెద్దాసుపత్రికి పంపవలెనో తేల్చేది వారే. నాయకత్వం అనగానే సూపరింటెండెంట్ కుర్చీ గుర్తుకు రానక్కరలేదు. ఏఎన్ఎంను, ఆశా కార్యకర్తలను కలుపుకొని పనిచేయించే ఇరవైమూడేండ్ల పట్టభద్రురాలు కూడా నాయకురాలే. ఆమెకు ఆ విద్య ఎవరు నేర్పుతున్నారు? పెద్దాసుపత్రులలో సైతం పదోన్నతి సీనియారిటీని బట్టి వస్తుంది, నాయకత్వ శిక్షణ రాదు.

నర్సులకు నిర్ణయాధికారం ఇస్తే చికిత్స దారితప్పుతుందని కొందరు వైద్యుల భయం. అది నిరాధారమైనది కాదు. శిక్షణ లేని అధికారం ప్రమాదమే. అందుకే హద్దులు వ్రాసి ఉండవలెను. ఏ లక్షణం కనిపిస్తే ఏ మందు తానుగా ఇవ్వవచ్చునో, ఎప్పుడు వైద్యుని పిలువవలెనో, పిలిచినా రానిచో ఎవరికి చెప్పవలెనో కాగితం మీద ఉండవలెను. ఏటేటా చదువు కొనసాగవలెను. ఇవేవీ లేకుండా, చనువుకొద్దీ ఒక వైద్యుడు నమ్మి అప్పగించడం, మరొక వైద్యుడు కసరడం అనే నేటి అలవాటే అసలైన అపాయం. మన నర్సులు బ్రిటన్‌కో గల్ఫ్ దేశాలకో వెళ్లి ఇట్టి బాధ్యతలను నిర్వహిస్తున్నప్పుడు ఇక్కడ చేయలేరనడంలో అర్థం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ప్రకటించిన నివేదిక ప్రకారం ప్రపంచానికి 58 లక్షల మంది నర్సులు తక్కువగా ఉన్నారు. గౌరవం దొరకని చోటు నుండి వారిని పిలుచుకొనిపోయేవారికి కొదవ లేదు.

అనేక దేశాల ఆసుపత్రులలో నర్సు వైద్యునికి ఫోను చేసేటప్పుడు నాలుగు విషయాలు వరుసగా చెప్పే పద్ధతి ఉన్నది. ఇప్పుడు ఏమి జరుగుతున్నది, రోగి పూర్వస్థితి ఏమిటి, తన అంచనా ఏమిటి, ఏమి చేయడం మంచిదని తనకు తోచుచున్నది. మన వార్డులలో మొదటి రెండు చెప్పడం ఎప్పటి నుండో అలవాటే. మూడవది గొంతు తగ్గించి చెబుతారు. నాలుగవది చెప్పడానికి రాత్రి రెండు గంటల వేళ ఇరవైరెండేండ్ల నర్సుకు ధైర్యం చాలదు. ఆ నాలుగవ మాటకు కేస్ షీట్‌లోనే ఒక గడి కేటాయించి, అందులో నర్సు వ్రాసినదానిని ఉదయపు రౌండ్లలో వైద్యుడు పైకి చదివే నియమం పెట్టడానికి ఏ ప్రభుత్వానికీ ధనం అక్కరలేదు.