ఆహారశుద్ధి - గృహపాకము : ఒక పునర్విచారము

ఛాందోగ్యోపనిషత్తు సప్తమాధ్యాయాంతమున సనత్కుమారుడు నారదునకు చేసిన ఉపదేశములో ఆహారశుద్ధికిని సత్త్వశుద్ధికిని గల సంబంధము చెప్పబడినది. సత్త్వశుద్ధి వలన ధ్రువస్మృతి, దానివలన గ్రంథివిమోచనము కలుగునని అచటి క్రమము. ఇంట వండిన సహజాహారమును భక్తిజీవనములో అంతర్భాగముగా నిరూపింపదలచిన వారు ఈ వాక్యమునే మొదట చేపట్టుదురు. అందు దోషము లేదు. కాని వాక్యమును ఉదాహరించిన వెంటనే ఉల్లి, వెల్లుల్లి నిషేధమునకును, అచటినుండి హోటలు భోజనముయొక్క నిందకును దిగుట పరిపాటియైనది. ఇంటి పొయ్యి ముందు కూర్చున్నవారెవరు, వండినది ఎవరికి, ఎవరు ఎప్పుడు తినవలెను అను ప్రశ్నలు ఇట్టి వ్యాసములలో అరుదు. శాస్త్రములో మాత్రము అవి అరుదు కావు.

భాష్యకారులే ఈ వాక్యమున ఏకాభిప్రాయులు కారు. శంకరుల మతమున ఆహారమనగా భోక్త లోనికి గ్రహించునది. అనగా శబ్దాది విషయవిజ్ఞానము. అది రాగద్వేషమోహములు లేనిదైనచో శుద్ధము. రామానుజులు శ్రీభాష్యమున సాధనసప్తకములో మొదటిదైన వివేకమును నిరూపించుచు అన్నమునే గ్రహించిరి. జాతిదోషము, ఆశ్రయదోషము, నిమిత్తదోషము లేని అన్నమువలన కాయశుద్ధి యని వారి పక్షము. వివేకానందులు భక్తియోగమున ఈ రెండింటిని పక్కపక్కనే ఉంచి, రెండును అవసరమే యనుచు, మతమును పూర్తిగా వంటింటిలోనికి తరిమిన మూఢాభినివేశమును గట్టిగా గర్హించిరి. ఈ హెచ్చరికకు ఇప్పటికిని ప్రయోజనము తీరలేదు.

‘సహజము’ అను మాటనే తీసికొందము. చరకుడు విమానస్థానమున ఆహారవిధికి ఎనిమిది ఆయతనములు చెప్పెను: ప్రకృతి, కరణము, సంయోగము, రాశి, దేశము, కాలము, ఉపయోగసంస్థ, ఉపయోక్త. పదార్థముయొక్క స్వభావము ఇందు ఒకటి మాత్రమే. దానిని ఎట్లు సంస్కరించిరి, దేనితో కలిపిరి, ఎంత, ఎచట, ఎప్పుడు, ఏ నియమముతో, ఎవరు తినిరి అనునవి తక్కిన ఏడు. నేడు అంగడిలోని పొట్లముమీద ‘సహజ’ మని అచ్చువేసినంతనే తృప్తిపడు కొనుగోలుదారు ఒక్క ప్రకృతిని చూచి ఏడింటిని విడిచినట్లే యగును.

గీత పదునేడవ అధ్యాయమున తామసాహార ప్రసక్తిలో వచ్చు ‘యాతయామ’ శబ్దము విషయము మరింత విచార్యము. వండి ఒక జాము, అనగా మూడు గంటలు, దాటినదెల్ల తామసమని ఉపన్యాసములలో తరచు వినబడును. శ్రీధరస్వామి వ్యాఖ్య దీనికి ఆధారము: జాము గడచి చల్లారిన అన్నాదికమని ఆయన అర్థము. రామానుజులు చిరకాలము నిలువయున్నదని చెప్పిరి. శంకరులైతే సగముడికినదని వ్యాఖ్యానించిరి. వీర్యము పోయినదను అర్థము ‘గతరస’ శబ్దమువలననే సిద్ధించినది గనుక యాతయామమునకు మరల అదే చెప్పనక్కరలేదని వారి యుక్తి. ముగ్గురు ముగ్గురే. ఇందు ఒక్క పక్షమును గ్రహించి గడియారమును పొయ్యిమీద వ్రేలాడదీయుట వ్యాఖ్యానసంప్రదాయమునకు న్యాయము చేయుట కాదు. ఆ నియమమును అక్షరశః పాటించు ఇంట వండు స్త్రీకి రోజునకు మూడుమారులైనను పొయ్యి విడువక తప్పదు. ఉద్యోగము, పొలము, పాఠశాల గల స్త్రీకి ఇది ఎట్లు కుదురునో చెప్పినవారు లేరు.

తెలుగువారి ఆహారమే దీనికి ఎదురు సాక్ష్యము. ఆవకాయ ఏడాది నిలువయుండును. చద్దన్నము రాత్రి దాటి యుండును. ఇవి రెండును తామసములేనా? మనుస్మృతి పంచమాధ్యాయము ఈ సందేహమును ముందే ఊహించినట్లున్నది. పులిసినవానిలో పెరుగును, పెరుగునుండి పుట్టినవానిని అది భక్ష్యములనెను. నూనె, నేయి వంటి స్నేహద్రవ్యములు కలిసినది నిలువదైనను తినవచ్చుననెను. నూనెలో మునిగిన మామిడిముక్కకును, పెరుగు కలిపిన చద్దికిని ఇంతకంటె స్మృతిప్రమాణ మేల? భాగవత దశమస్కంధమున పోతన కృష్ణునిచే చల్దులారగింపజేసెను. యజ్ఞభోక్తయైనవాడు గొల్లపిల్లలతో కలిసి, పెరుగన్నపు ముద్ద ఒక చేత బట్టి, వ్రేళ్ళసందున ఊరుగాయ లిరికించుకొని తినిన అన్నము చల్లారినదే. ఆ భాగవతమునకు టీక రచించినవాడును శ్రీధరుడే కావడము చమత్కారము. చల్దిమూటలు విప్పుకొని ఒకరిదొకరు పంచుకొనుటయే అచటి ఆహారశుద్ధి.

ఇంటివంటను గూర్చి తెలుగు కావ్యములలో ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసమునకు సాటిలేదు. 1509 మొదలు 1529 వరకు రాజ్యమేలిన కృష్ణదేవరాయలు శ్రీవిల్లిపుత్తూరు విష్ణుచిత్తుని ఆతిథ్యమును ఋతువుల క్రమమున వర్ణించెను. వానకాలమున కలమాన్నము, పొట్టుతీసిన పప్పు, నాలుగైదు పోపుకూరలు, వడియములు, వరుగులు, పెరుగు. వేసవిలో నులివెచ్చని అన్నము, తియ్యని చారులు, పలుచని అంబళ్ళు, చెరకురసము, ఎడనీళ్ళు, వడపిందెలు. చలికాలమున మిరియపు పొడి కూరలు, ఆవపచ్చళ్ళు, వేడి నేయి. చరకుడు చెప్పిన కాలమును, దేశమును ఇచట కావ్యమై నిలిచినవి. అధ్యాపకులు తరగతిలో ఈ పదార్థముల పట్టికను ఆనందముతో చదివి వినిపింతురు. అయితే వానకాలపు పద్యమున పదార్థములకంటె ముందు ఇంకొకటి యున్నది. జడివానలో తడికట్టెలు పొగచిమ్మును. ఆ పొగ భార్య కన్నులలో చొరకుండ కొబ్బరిచిప్పలు పొయ్యిలోనికి పెట్టి వండించెనని కవి చెప్పును. భాగవతులకు పెట్టు అన్నముతోపాటు వండువారి కన్నుల గూర్చి కూడ చింతించిన గృహస్థు విష్ణుచిత్తుడు. చక్రవర్తియైన కవికి ఆ చిప్పలు కనబడుట మిక్కిలి మెచ్చదగినది. వ్యాఖ్యాతలు దానిని వంటచెరకుగా మాత్రమే వివరించి ముందుకు సాగుట వింత.

భోజనక్రమమునను స్మృతి నేటి ఆచారముకంటె మెరుగు. మనువు తృతీయాధ్యాయమున నవవధువులు, కన్యకలు, రోగులు, గర్భిణులు - వీరికి అతిథులకంటెను ముందు, విచారింపక, పెట్టుమనెను. అందరును తినిన పిదప శేషమును భుజింపవలసినది దంపతులు, అనగా ఇద్దరు. చివరకు ఇల్లాలొక్కతె మిగిలినది తినుట పూర్వాచారమని చెప్పువారు ఈ ద్వివచనమును గమనింపలేదు.

ఇక ఆశ్రయదోషము. అన్నము ఎవరి సొత్తు, ఎవరి చేతిది అనుదానిపై ఆధారపడు ఈ దోషమును వివరించు వ్యాఖ్యలలో అభిశస్తుడు, పతితుడు అనువారితోపాటు చండాలశబ్దమును వచ్చును. ఈ పంక్తిని అధ్యాపకుడు తలవంచి చదివి దాటవేయుట సులభము. కాని నేడు ప్రాచ్యకళాశాలలలో అన్ని కులముల విద్యార్థులు కూర్చుండి శ్రీభాష్యము చదువుచున్నారు. అభిశస్తునికి కారణము కర్మ, చండాలునికి కారణము జన్మ. ఈ రెండింటిని ఒకే దోషముగా కట్టుట ఎట్లు పొసగునని వారు అడిగిన అడుగవలెను. ఆ ప్రశ్నకు తావీయని పాఠము ఆహారశుద్ధిని గూర్చిన పాఠము కాజాలదు. తెలుగు వైదికులలో పెక్కుమంది అనుసరించు ఆపస్తంబ ధర్మసూత్రమే ఆర్యుల పర్యవేక్షణలో శూద్రులు వైశ్వదేవాన్నమును వండవచ్చునని అనుమతించినది. వంటవాడు అన్నమునకు ఎదురుగా మాటలాడుట, దగ్గుట, తుమ్ముట కూడదనియు, వెంట్రుకలు తాకినచో నీరు ముట్టవలెననియు అందే చెప్పినది. పర్యవేక్షణ యను మెలికలో కులపు పెత్తన మున్నమాట నిజమే. కాని వండినవాని పుట్టుక దేవతాన్నమును చెరుపునను వాదము మాత్రము ఆ సూత్రము ముందు నిలువదు. అదే గ్రంథమున మరికొంత ముందుకు పోయినచో గృహస్థు కావలెనన్న తనకు, భార్యకు, పుత్రునకు తిండి తగ్గించుకొనవచ్చును గాని, పనిచేయు సేవకునకు తగ్గింపరాదని ఒక సూత్రము కలదు. ఇందు భార్యను గూర్చిన మాట వివాదాస్పదమే. సేవకుని గూర్చిన మాటను మాత్రము ఆహారశుద్ధిపై వ్రాయువారు ఏల ఉదాహరింపరో తెలియదు.